సత్రపు మాన్యం నుంచి హోంస్టే దాకా: తెలుగునాట తాత్కాలిక బస నియమాల చరిత్ర

1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణంలో, మజిలీ తరువాత మజిలీ గురించి ఇంచుమించు ఒకే తీరు వివరాలు నమోదు చేశారు. ఊళ్ళో సత్రం ఉన్నదా, అంగళ్ళు ఉన్నవా, నీళ్ళు ఎలాంటివి, దారి ఎలాంటిది అన్నవే ఆ వివరాలు. ‘కాశీయాత్ర చరిత్ర’ను సాహిత్య చరిత్రకారులు తెలుగు యాత్రాసాహిత్యానికి ఆదిగ్రంథంగానూ, భాషా పరిశోధకులు నాటి వ్యావహారికానికి సాక్ష్యంగానూ పరిశీలించారు. దానిని మరొక విధంగా కూడా చదువవచ్చు. పరవూరి మనిషికి ఒక రాత్రి తలదాచుకొనే చోటు ఎవరి భూమి మీద, ఎవరి ఖర్చుతో, ఎవరి అనుమతితో దొరికేదో తెలిపే పత్రంగా కూడా అది విలువైనది.

ఈ ప్రశ్నలు నేడు మళ్ళీ ముందుకు వచ్చాయి. నివాసం కోసం కట్టిన ఇల్లు రోజు అద్దెకు దొరికే బసగా మారుతున్నది. హోంస్టే, సర్వీస్ అపార్ట్‌మెంట్, ఫోనులో బుక్ చేసుకొనే ఫ్లాట్ వంటి పేర్లు ఏవైనా, వాటికి నియమాలు రాయవలసిన బాధ్యత పర్యాటక శాఖలకూ పురపాలక సంఘాలకూ కలిగింది. ఈ చర్చలో తాత్కాలిక బస అన్నది నిన్నగాక మొన్న పుట్టిన సమస్యగా కనిపిస్తుంది. నిజానికి దీనిపై నియమాలకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ప్రధానమైన మలుపు ఒకటే. ఒకప్పుడు బాటసారి బస, ఆ బసను పోషించే భూమి ఒకే పత్రంలో ఉండేవి. వలస పాలనలో అవి రెండూ వేర్వేరు రిజిస్టర్లలోకి చేరాయి. తరువాతి సవరణలన్నీ ఏదో ఒక రిజిస్టరును మాత్రమే దిద్దుతూ వచ్చాయి.

మాన్యం మీద నిలిచిన బస

‘సత్రం’ అన్న మాటకు మూలం వైదిక యాగ పరిభాషలోనిది. అనేక దినాలు సాగే యాగాన్ని సూచించే పదం, నిత్యమూ సాగే అన్నదానానికి, దాని వెంట బసకు పేరైంది. ఇంగ్లీషు రికార్డులలో కనిపించే ‘చౌల్ట్రీ’కి మన ‘చావడి’యే మూలమని నిఘంటుకారులు చెబుతారు. రచ్చకూ రాత్రి బసకూ పనికివచ్చిన చావడి దొరల నోట చౌల్ట్రీగా మారి, తిరిగి తెలుగు దఫ్తరాలలోకే కొత్త మాటగా వచ్చి చేరడం భాషాచరిత్రలో ఒక చిన్న వినోదం.

సత్రాన్ని కట్టడంగా మాత్రమే చూస్తే దాని వ్యవస్థ అర్థం కాదు. రాజు, జమీందారు, వర్తకుడు ఎవరు సత్రం కట్టించినా దానితోపాటు కొంత భూమిని మాన్యంగా రాసిచ్చేవారు. ఆ భూమి పండించే కౌలుదారు, పంటను లెక్కగట్టే ధర్మకర్త, ఆ ఫలసాయంతో వండే వంటవాడు, తిని పడుకొని వెళ్ళిపోయే బాటసారి వరకు అంతా ఒకే గొలుసు. నేటి పరిభాషలో చెప్పాలంటే దానశాసనం ఒక భూవినియోగ నియమం. భూమి మీద ఏమి పండించాలన్నది దానికి పట్టదు. పండినది దేనికి వినియోగం కావాలన్నదే దాని నిర్దేశం. ఆ నియమానికి గడువు లేదు. ‘ఆచంద్రార్కం’ అన్న పదం శాసనాలలో అలంకారంగా మాత్రమే వాడినది కాదు.

ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఈ వ్యవస్థను 1817లో చేతిలోకి తీసుకొంది. మద్రాసు 7వ రెగ్యులేషన్ దేవాలయాలకు, మసీదులకు, విద్యాసంస్థలకు ఇచ్చిన భూముల ఆదాయం సక్రమంగా వినియోగమయ్యేలా చూడటంతోపాటు వంతెనలు, సత్రాలు, ఇతర ప్రజోపయోగ కట్టడాల సంరక్షణ బాధ్యతను కూడా రెవెన్యూ బోర్డు పర్యవేక్షణలో ఉంచింది. సత్రాన్ని వంతెనతో కలిపి చెప్పడం గమనార్హం. కంపెనీ దృష్టిలో అది పుణ్యకార్యం కన్నా ముందు దారిలో ఒక సౌకర్యం. 1863 నాటి 20వ చట్టంతో ప్రభుత్వం మతసంస్థల నిర్వహణ నుంచి తప్పుకొన్నది. లౌకిక ధర్మాలుగా భావించిన సత్రాలు ప్రభుత్వ పర్యవేక్షణలోనే మిగిలాయి. అనంతరం వాటిలో అనేకం స్థానిక బోర్డుల, పురపాలక సంఘాల నిర్వహణకు వెళ్ళాయి.

ఈ మధ్యలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ పని ఈ వ్యాసానికి మరింత కీలకమైనది. మద్రాసు రాజధానిలోని ఇనాం భూములన్నింటినీ గ్రామం వారీగా విచారించి, ఎవరికి, ఏ పనికి, ఎంత భూమి, ఏ ఆధారంతో దక్కిందో నమోదు చేసిన పత్రమే ఇనాం ఫెయిర్ రిజిస్టర్. వ్యక్తిగత ఇనాములకు పన్ను నిర్ణయించి వాటిని స్వేచ్ఛగా అమ్ముకొనే ఆస్తిగా మార్చుకొనే వీలు కల్పించారు. ధర్మార్థ ఇనాములను, ఆ ధర్మం నిజంగా జరుగుతున్నంత కాలం, పాత షరతు మీదనే ఖాయపరచారు. ఇక్కడ ఒక సూక్ష్మమైన మార్పు జరిగింది. భూమికి హక్కుపత్రం వచ్చింది. బసకు మాత్రం అలాంటి పత్రమేదీ రాలేదు. నేటికీ ఎండోమెంట్ భూముల వివాదాలలో న్యాయస్థానాల ముందుకు వచ్చేది ఇనాం ఫెయిర్ రిజిస్టరే. అందులో సత్రం పేరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది. ఎంతమందికి ఎన్ని రోజుల బస అన్నదానికి జవాబు చెప్పవలసిన అధికారి మాత్రం ఎవరూ ఉండరు.

ఆ విభజన ఎంత దూరం వెళ్ళిందో చూపడానికి అమరావతిలోని సదావర్తి సత్రం ఉదంతం చాలు. ఆ సత్రానికి చెందినవిగా చెప్పే భూములలో కొన్ని తమిళనాడులో, చెన్నై శివార్లలోని తాళంబూరులో ఉన్నాయి. ఆ పరిసరాలు సాఫ్ట్‌వేర్ సంస్థల కారిడార్‌గా మారాక వాటి విలువ సత్రం అవసరాలతో ఏ విధంగానూ పోల్చలేని స్థాయికి చేరింది. 2016లో 83.11 ఎకరాలను వేలం వేయగా వచ్చిన ధర రూ. 22.44 కోట్లు. ఆ వ్యవహారం హైకోర్టుకు చేరి, 2017లో మళ్ళీ వేలం జరిగినప్పుడు పాట రూ. 60 కోట్లు దాటింది. ఆ భూమి తమదేనన్న వాదనను తమిళనాడు ప్రభుత్వం కూడా ముందుకు తెచ్చింది. పత్రికలలో, న్యాయస్థానాలలో సాగిన చర్చ అంతా ధర గురించీ హక్కు గురించీ. అన్నం పెట్టి పడుకోబెట్టే పని కోసం ఆ భూమి పుట్టిందన్న సంగతి ఆ చర్చలో దాదాపు వినిపించలేదు. ఎకరా విలువ ఎంత పెరిగితే ఎన్ని గదులు కట్టవచ్చు అన్న ప్రశ్న వేయవలసిన రిజిస్టరు ఏ కార్యాలయంలోనూ లేదు.

అయితే సత్ర వ్యవస్థను గతకాలపు స్వర్ణయుగంగా చూపడం చరిత్రకు న్యాయం కాదు. అనేక సత్రాల దానపత్రాలు ఏ కులస్థులకు భోజనం, ఎవరికి లోపలి గది, ఎవరికి అరుగు అన్నది ముందే నిర్ణయించాయి. శ్రీశైలం వంటి క్షేత్రాలలో నేటికీ కులం పేరు మోసే సత్రాలు ఆ వారసత్వాన్ని చెప్పక చెబుతున్నాయి. ఆతిథ్యం దొరకని వారికి ఊరి బయట చెట్టు నీడే సత్రం.

రిజిస్టరు లేని ఇల్లు

సత్రానికి సమాంతరంగా డబ్బు తీసుకొని అన్నం పెట్టే ఇల్లు కూడా తెలుగునాట చాలా పాతది. ఓరుగల్లు నగర జీవితాన్ని వర్ణించిన ‘క్రీడాభిరామము’లో పూటకూటింటి ప్రస్తావన ఉంది. అక్కడ ఒక రూకకు దొరికే భోజనాన్ని సురవరం ప్రతాపరెడ్డి మొదలుకొని సాంఘిక చరిత్రకారులు తరచుగా ఉటంకించారు. 19వ శతాబ్ది చివరికి వస్తే ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ఒక పాత్రగా నిలిచింది. ఆమె వితంతువు. సొంత ఇల్లు, సొంత పొయ్యి తప్ప వేరే జీవనాధారం లేని స్త్రీ. నాటకం ఆమెను హాస్యానికి వాడుకొన్నా, ఆ పాత్ర వెనుక ఉన్న ఆర్థిక వాస్తవం హాస్యం కాదు. ఆస్తిహక్కు లేని స్త్రీకి ఇంటినే జీవనోపాధిగా మలచుకొనే అతికొద్ది దారులలో పూటకూళ్ళు ఒకటి.

ఈ ఇంటికి మాన్యం లేదు గనుక ఇనాం రిజిస్టరులో చోటు లేదు. దారి పక్కన కట్టిన ధర్మశాల కాదు గనుక రెవెన్యూ బోర్డు లెక్కలోనూ లేదు. నేటి హోంస్టేకు పూర్వరూపం వెదకవలసి వస్తే సత్రంలో కన్నా పూటకూటింట్లో వెదకడమే సమంజసం. తరువాతి చట్టాలు ఈ ఇంటి గడప దాకా ఎలా వచ్చాయన్నది చూడాలి.

నేరస్థుడు, రోగి

1867 నాటి సరాయిల చట్టం బాటసారిని కొత్త చూపుతో చూసింది. సరాయిని జిల్లా మేజిస్ట్రేటు వద్ద నమోదు చేయాలి. తనిఖీకి అనుమతించాలి. గదులు, అరుగులు, బావులు, కాలువలు శుభ్రంగా ఉంచాలి. కాపలా పెట్టాలి. వసూలు చేసే రుసుముల పట్టికను కనబడేటట్లు వేలాడదీయాలి. లోపల ఎవరికైనా అంటురోగం సోకినా, ఎవరైనా దానితో మరణించినా పోలీసు ఠాణాకు తెలపాలి. కోరినప్పుడు ఎవరెవరు బస చేశారో మేజిస్ట్రేటుకు నివేదించాలి. అతిథి ఈ చట్టంలో పుణ్యానికి పాత్రుడు కాడు, అనుమానానికి పాత్రుడు. నేడు హోటలు బల్ల మీద ఆధార్ నకలు అడగడం, విదేశీయుడు దిగితే 24 గంటల్లో అధికారులకు తెలపడం ఈ చూపుకు వారసత్వాలే.

రెండవ చూపు కలరాతో వచ్చింది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ పారిశుధ్య సమావేశం కలరా వ్యాప్తికి భారతదేశపు తీర్థయాత్రలను ముఖ్య కారణాలలో ఒకటిగా ఎత్తి చూపింది. ఆ వెంటనే పూరీ అధికారుల దృష్టిలో పడింది. 1868లో బెంగాల్ పారిశుధ్య కమిషనర్ డేవిడ్ స్మిత్ పూరీ యాత్రపై నివేదిక సమర్పించాడు. 1871లో పూరీ లాడ్జింగ్ హౌస్ చట్టం వచ్చింది. వీరాస్వామయ్య తిరుగు ప్రయాణంలో చూసిన క్షేత్రమే ఇది. గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగు యాత్రికులు ఏటా చేరే ఊరు కూడా. అక్కడ యాత్రికులు దిగేది ఎక్కువగా పండాల ఇళ్ళలో. ఆ చట్టం ప్రకారం ఇంట్లో యాత్రికులను దింపుకోవాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు ఇవ్వాలంటే ఆ ఇంట్లో ఎందరు ఉండవచ్చో ఆరోగ్యాధికారి ధ్రువీకరించాలి. మన పరిసరాలలో నివాసగృహాన్ని బసగా గుర్తించి, దానికి మనుషుల సంఖ్యను కట్టిన తొలి చట్టాలలో ఇది ఒకటి. గదికి ఇందరు, ఇంటికి ఇన్ని పడకలు అన్న నేటి షరతుకు మూలం పర్యాటకంలో లేదు. కలరాలో ఉంది.

మద్రాసు రాజధానిలో ఈ ధోరణి 1939 ప్రజారోగ్య చట్టంలో పూర్తి రూపం పొందింది. దేశంలో తొలి సమగ్ర ప్రజారోగ్య చట్టంగా పేరొందిన ఇది, ఆంధ్ర ప్రాంతంలో తరువాత కూడా కొనసాగింది. అందులో ‘లాడ్జింగ్ హౌస్’కు ఇచ్చిన నిర్వచనం ఆశ్చర్యం కలిగించేంత విశాలమైనది. హోటలు, భోజనశాల, ప్రభుత్వ నిర్వహణలో లేని సత్రం, ధర్మశాలతో అది ఆగలేదు. వచ్చిపోయే వారిని చేర్చుకొని, భోజనంతో గాని భోజనం లేకుండా గాని, డబ్బు తీసుకొని పడక ఏర్పాటు చేసే ఏ స్థలమైనా అందులోకి వస్తుంది. విద్యార్థి వసతి గృహాలకు మినహాయింపు ఇచ్చింది, సొంత ఇంటికి ఇవ్వలేదు. సత్రమూ పూటకూటిల్లూ చట్టంలో ఒకే మాట కిందికి చేరింది ఇక్కడే. ఫోనులో బుక్ చేసే ఫ్లాట్‌కు చట్టం లేదన్న వాదన నేడు తరచుగా వినబడుతుంది. ఈ నిర్వచనం తెలిసినవారికి ఆ వాదన బలహీనంగానే కనిపిస్తుంది. లోపం చట్టం లేకపోవడంలో లేదు. దాన్ని ఆరోగ్యశాఖ అల్మరాలోంచి తీసి భూవినియోగ నియమం పక్కన పెట్టి చదివే పద్ధతి లేకపోవడంలో ఉంది.

అద్దెదారు కాని మనిషి

రెండో ప్రపంచయుద్ధ కాలపు ఇళ్ళ కొరత అద్దె నియంత్రణ చట్టాలకు దారితీసింది. మద్రాసులోను, 1954లో హైదరాబాదు రాష్ట్రంలోను వేర్వేరుగా ఉన్న చట్టాల స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం వచ్చింది. అద్దెదారుకు రక్షణ కల్పించిన ఈ చట్టం ‘భవనం’ అన్న మాటను నిర్వచిస్తూ హోటలులోని, భోజనశాలలోని గదిని బయట పెట్టింది. సహేతుకమైన మినహాయింపే. రెండు రాత్రులకు వచ్చినవాడు గది ఖాళీ చేయనంటే సత్రం నడవదు. కాని ఇదే మినహాయింపు మరొక దిక్కున కూడా పనిచేస్తుంది. ఇంటి యజమాని ఏడాది అద్దె వదులుకొని రోజు అద్దెకు మారితే, బాధ్యతతో కూడిన ఒక సంబంధం నుంచి బాధ్యత లేని మరొక సంబంధానికి చట్టబద్ధంగా మారినట్లే. పుణ్యక్షేత్రాలలో, తీర పట్టణాలలో స్థానిక అద్దెదారులకు ఇళ్ళు దొరకకపోవడానికి ఉన్న కారణాలలో ఇదొకటి. అద్దె చట్టం చదివేవారికి ఇది కనిపిస్తుంది, పర్యాటక విధానం రాసేవారికి కనిపించదు.

భూవినియోగం అన్న మాట నేటి అర్థంలో 1920 మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టంతో తెలుగు జిల్లాలకు వచ్చింది. హైదరాబాదులో 1908 మూసీ వరదల అనంతరం 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు మరో మార్గంలో ఆ పనే చేసింది. ఈ నగరానికి ప్రణాళికతో కూడిన బస కొత్తది కాదు. హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన హయాత్‌నగర్ మసీదు ఆవరణ చుట్టూ బాటసారుల గదులు నేటికీ నిలిచి ఉన్నాయి. గుడారం, గుర్రం, నమాజు, నీరు అన్నీ లెక్కలోకి తీసుకొని కట్టినవి అవి. 1975 పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం తరువాత మాస్టర్ ప్లాన్‌లు నగరాన్ని నివాస, వాణిజ్య మండలాలుగా రంగులు వేసి విభజించాయి. నివాస మండలంలోని ఇల్లు బసగా మారితే అది ఏ రంగు? ఈ ప్రశ్నకు ప్రణాళికా శాఖ కన్నా ముందు విద్యుత్ శాఖ జవాబు చెప్పవలసి వస్తున్నది. మీటరు గృహ కేటగిరీయా, గృహేతర కేటగిరీయా అన్న తగాదాతోనే చాలా ఇళ్ళలో భూవినియోగ వివాదం మొదలవుతుంది.

2010 కామన్వెల్త్ క్రీడలకు గదుల కొరత వస్తుందన్న భయంతో కేంద్ర పర్యాటక శాఖ 2006 ప్రాంతంలో తెచ్చిన ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ పథకం ఈ చిక్కుకు ఒక పరిష్కారం సూచించింది. గరిష్ఠంగా 6 గదులు, 12 పడకలు. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలి. అప్పుడు అది ఇల్లే, వ్యాపార సంస్థ కాదు. ఢిల్లీ 2007లో దీనికి ప్రత్యేక చట్టమే చేసింది. 2023లో న్యూయార్క్ నగరం అమలు చేసిన కఠిన నియమంలో కూడా ఇదే షరతు కీలకం. 30 రోజుల లోపు బస ఇవ్వాలంటే ఇంటివారు ఇంట్లో ఉండాలి. రెండు దేశాలు చేరిన ఈ సూత్రం పూటకూళ్ళమ్మకు తెలియనిది కాదు. ఆమె ఇంట్లోనే ఉన్నది. ఆ ఇల్లు ఆమెది కాబట్టే అది పూటకూటిల్లు. ఎవరూ కాపురముండని ఫ్లాట్‌ను హోంస్టే అనడంలో ఉన్న భాషాదోషమే దాని నియంత్రణలోని లోపం కూడా.

ఇంటికీ సత్రానికీ మధ్య గీత మరొక కారణం చేత కూడా ముఖ్యం. రాజ్యాంగంలోని 15వ అధికరణం హోటళ్ళలో వివక్షను నిషేధించింది. నేడు పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పిలిచే 1955 చట్టం ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానాలను పేరుపెట్టి చెప్పింది. ఆ చట్టంలోని హోటలు నిర్వచనంలో లాడ్జింగ్ హౌస్ కూడా ఉంది. దానపత్రంలోని కులనియమాన్ని స్వతంత్ర భారతం రద్దు చేసింది ఈ మార్గంలోనే. ‘ఇది హోటలు కాదు, మా ఇల్లు’ అన్న మాట పన్ను మినహాయింపుకే పరిమితమైతే అంత ప్రమాదం లేదు. పేరు చివర ఏముందో చూసి బుకింగ్ తిరస్కరించే హక్కుగా కూడా అది పనిచేస్తే, అరుగు మీద పడుకోబెట్టే సత్రం వేరే రూపంలో తిరిగి వచ్చినట్లే.

మన్యంలో

బస, భూమి అన్న రెండు రిజిస్టర్లను విడివిడిగా చదవడం వల్ల కలిగే నష్టం నగరాలలో అద్దెల రూపంలో ఉంటుంది. అరకు, లంబసింగి వంటి చోట్ల అది భూమినే తాకుతుంది. ఇవి ఐదవ షెడ్యూలు ప్రాంతాలు. 1959 నాటి 1వ భూబదలాయింపు నిబంధన, 1970 సవరణ తరువాత, ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడాన్ని నిషేధించింది. ఆ నిబంధనలో ‘బదలాయింపు’ అంటే అమ్మకం మాత్రమే కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, ఆ ఆస్తికి సంబంధించిన ఒప్పందం కూడా అందులో చేరుతుంది. అనంతగిరి మండలపు బొర్రా ప్రాంతంలోని గని కౌళ్ళపై మొదలైన పోరాటమే 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకు దారితీసింది. గనికి ఇచ్చిన కౌలు చెల్లదన్న ప్రాంతంలోనే నేడు మంచు చూడటానికి వచ్చేవారి కోసం గుడారాలు, కర్ర ఇళ్ళు లేస్తున్నాయి.

గిరిజన కుటుంబం తన ఇంట్లో రెండు గదులు పర్యాటకులకు ఇవ్వడంలో చట్టపరమైన చిక్కు లేదు. ఒక రాత్రి బస 1882 ఈజ్‌మెంట్ల చట్టం అర్థంలో అనుమతి మాత్రమే. దానితో భూమిపై ఏ హక్కూ మారదు. ఆ కుటుంబం పేరు ముందుంచి, స్థలాన్ని పదేళ్ళపాటు నడుపుకొనే హక్కును పెట్టుబడిదారుకు రాసిచ్చే నిర్వహణ ఒప్పందం మాత్రం వేరు. దానిని పర్యాటక శాఖ హోంస్టేగా నమోదు చేసుకోవచ్చు. భూబదలాయింపు నిబంధన దృష్టిలో అది ఆస్తికి సంబంధించిన ఒప్పందం. హోంస్టే దరఖాస్తుతోపాటు ఆ ఒప్పందాన్ని కూడా ఏజెన్సీ ప్రత్యేక ఉపకలెక్టరు ముందు పెట్టాలన్న షరతు లేనంతకాలం, ఒక శాఖ ఇచ్చిన ధ్రువపత్రం మరొక శాఖ చెల్లదన్న ఒప్పందానికి కవచంగా నిలుస్తుంది. సదావర్తి భూముల విషయంలో బస కనుమరుగై భూమి మిగిలింది. ఇక్కడ బస పేరు మిగిలి, గిరిజనుని చేతిలోని భూమి కాగితం మీదనే నిలిచే అవకాశం ఉంది.